లేతదా, ముదురుదా?

బేజ్ అంటే నాకు తెలిసింది సీఎస్ఎస్‌లో 245, 245, 220. అంతే. మొన్న పెయింటరు షేడ్ కార్డు చేతిలో పెట్టి "లేతదా సార్, ముదురుదా?" అన్నాకే తెలిసింది, ఇది పెళ్ళిచూపులకంటే కష్టమని :)

అది అమ్మ కోసం సిద్ధం చేస్తున్న గది. నాన్న పోయాక ఊళ్ళో ఒక్కర్తే ఉంటోంది, వచ్చే నెల మా దగ్గరికి వచ్చేస్తోంది. ముదురుదైతే మరకలు కనబడవని నా లెక్క. కార్డు చూసి తేల్చొద్దంది మా ఆవిడ. సరే అని గోడ మీద రెండూ అడుగు వెడల్పున, రెండేసి కోటింగులు వేయించాం. ఉన్న ఒక్క కిటికీ ఉత్తరం వైపు. పగలు బాగానే ఉన్న ముదురు రంగు సాయంత్రానికి మట్టిలా అయిపోయింది. 6500 కెల్విన్ ట్యూబ్‌లైటు కింద బూడిద, 2700 బల్బు కింద పసుపు... ఒకే ఇన్‌పుట్‌కి ఇన్ని అవుట్‌పుట్లా!

చివరికి అమ్మకే ఫోన్ చేశా. "శుక్లాలు కదరా నాకు, రాత్రి లేస్తే గోడ కనబడితే చాలు" అంది. డాక్టరు చెప్పి నాలుగు నెలలైందట. మాకు ఆ మాట వినడం అదే మొదలు.

లేతదే వేయించాం. బాత్రూం తలుపు చుట్టూ, స్విచ్‌బోర్డు చుట్టూ మాత్రం ముదురు పట్టీ. "ఇదేం డిజైన్ సార్" అన్నాడు పెయింటరు. కంటి డాక్టరు దగ్గర పదిహేనో తారీఖుకి అపాయింట్‌మెంట్ దొరికింది.