ఇసుకలో నుంచి ఒక పిలుపు

జూన్ మాసం. చంబల్ నది ఇసుకతిన్నెలు సెగలు కక్కుతుంటాయి. ఆ ఇసుక అడుగున, గుడ్డులో నుంచే ఘరియల్ పిల్ల సన్నగా కూస్తుంది. ఆ పిలుపు విని తల్లి వచ్చి గూడు తవ్వుతుంది. జానెడున్నర పొడవు గల పిల్లలు బిలబిలమంటూ బయటపడతాయి. తల్లి దగ్గరే ఉండి వాటిని కాపాడుతుంది. అయినా నెల తిరగకుండానే వచ్చే వరదకు వాటిలో చాలా భాగం కొట్టుకుపోతాయి.

ఈ జాతి అంతరించే దశకు చేరగా, 1975లో భారత ప్రభుత్వం మొసళ్ళ సంరక్షణ పథకాన్ని ప్రారంభించింది. నదీతీరాన సేకరించిన గుడ్లను లక్నో సమీపాన కుక్రైల్ అడవిలోని కేంద్రంలో పొదిగించారు. పిల్లలను నీటి తొట్లలో పెంచి, సుమారు నాలుగడుగుల పొడవుకు ఎదిగాక నదిలో విడిచిపెట్టారు. అలా చంబల్‌లో ఘరియల్ సంతతి మళ్ళీ పెరిగింది.

కాని 2007-08 చలికాలంలో అదే నదిలో వందకు పైగా ఘరియల్‌లు మరణించాయి. వాటి మూత్రపిండాలు దెబ్బతిన్నట్లు పరీక్షలలో తేలింది.

తొట్టిలో ఒక ప్రాణాన్ని నిలపడం మనిషి నేర్చుకున్నాడు. అయితే ఆ ప్రాణి చివరకు చేరవలసింది నదినే. ఆనకట్టలు నీటిని ఆపివేసి, లారీలు ఇసుకను తరలించుకుపోతే దానిని విడిచేదెక్కడ? పిల్ల పిలిచిననాడు తల్లి తవ్వడానికి ఇసుక మిగిలి ఉండాలి కదా!