నల్లతొట్టి

మాసరేటర్ అనే మాటకు మూలమైన లాటిన్ క్రియకు నానబెట్టి మెత్తపరచడమని అర్థం. చిరకాలంగా అనువాదాలే వృత్తిగా బతుకుతున్న నాకు ఔషధ గ్రంథాలలో ఆ మాట తగిలింది గాని, ఒక పంపుకు పేరై కనబడుతుందనుకోలేదు. పైగా ఆ పంపు దేనినీ నానబెట్టదు. గిర్రున తిరిగే కత్తులతో నుజ్జు చేసి ముందుకు నెడుతుంది.

టెక్సాస్‌లో మా అక్కగారింట్లో దాన్ని చూశాను. బావగారికి ఒక ఆర్వీ ఉంది. వంటగది, పడక, స్నానాలగది ఇమిడిన చక్రాల ఇల్లు అది. దాని అడుగున మూడు తొట్లుంటాయి. మంచినీళ్ళకొకటి, స్నానం చేసిన, గిన్నెలు కడిగిన నీళ్ళకు బూడిదరంగు తొట్టి, మరుగుదొడ్డికి నల్లతొట్టి. విడిది స్థలాలలో 3 అంగుళాల లావుపాటి గొట్టం తగిలించి పల్లానికి వదిలేస్తారు. ఇంటివద్ద మురుగుగొట్టపు మూత దూరానో, మెరకనో ఉంటే ఆ పద్ధతి సాగదు. ఈ పంపు వాహనపు 12 వోల్టుల బ్యాటరీతో నడిచి, లోపలిదంతా జావలా చేసి, తోటకు నీళ్ళు పెట్టేపాటి సన్నని గొట్టం గుండా మెరకకైనా ఎక్కిస్తుంది.

దీనికీ ఒక శాస్త్రముంది. నల్లతొట్టి మూడింట రెండువంతులైనా నిండకుండా కవాటం తెరిస్తే నీరు జారిపోయి, ఘనపదార్థం అడుగున గట్టిపడుతుంది. ముందు నల్లతొట్టి, తరువాతే బూడిదరంగుది. సబ్బునీళ్ళు గొట్టాన్ని కడుగుతాయి. తొట్టి ఖాళీ కాగానే పంపు ఆపాలి. పొడిగా తిరిగితే లోపలి రబ్బరు చక్రం పాడవుతుంది. ఇంట్లో సెప్టిక్ ట్యాంకున్నవారు ఫార్మాల్డిహైడ్ కలిసిన మందులు వాడరాదు; మలాన్ని జీర్ణం చేసే సూక్ష్మజీవులు చచ్చిపోతాయి. వాననీటి కాలువలోకి వదలడం మాత్రం నేరమే. కొన్ని ఊళ్ళలో ఇంటివద్ద ఖాళీ చేయడానికే అనుమతి లేదు గనుక, బావగారు ముందుగా పురపాలక కార్యాలయంలో విచారించి వచ్చారు.

బావగారు తొడుగులు వేసుకొని వంగినప్పుడు, ఇండియా నుంచి వచ్చిన అక్క అత్తగారు వరండాలో నిలబడి మొహం తిప్పుకున్నారు.

“ఒరే అబ్బాయీ, ఎవరినైనా మనిషిని పిలిపించరాదటరా?”

“మనదేగదమ్మా,” అన్నారాయన తల ఎత్తకుండానే.

ఆవిడ బదులు చెప్పలేదు. నాకు మాత్రం కోస్తాలోని మా అమ్మమ్మగారి ఇల్లు కళ్ళకు కట్టింది. పెరటిగోడకు సందువైపు ఒక చిన్న రేకుతలుపు ఉండేది. తెల్లవారకముందే ఒకామె తట్ట, రేకుముక్క పట్టుకొని వచ్చి ఆ తలుపు తీసేది. పిల్లలమంతా ఆ వేళకు అటు వెళ్ళకూడదు. ఆమెకు నీళ్ళు పైనుంచి పోసేవారు. ఆమె పేరు ఆ ఇంట్లో ఎవరి నోటా విన్న గుర్తు లేదు. ఆ పని చేయించడాన్ని నిషేధిస్తూ 1993లో చట్టం వచ్చింది. మురుగు కాలువలలోకి, సెప్టిక్ ట్యాంకులలోకి రక్షణ లేకుండా మనుషులను దింపడాన్నీ 2013 చట్టం నిషేధించింది. అలా దిగినవారు ఊపిరాడక చనిపోయిన వార్తలు పత్రికలలో ఇప్పటికీ చదువుతూనే ఉన్నాం.

ఆ సాయంత్రమే బావగారిని అడిగి, తరువాతి ప్రయాణం ముగిశాక మురుగుమూత దగ్గర గొట్టం చివర పట్టుకునే పని నేను తీసుకున్నాను. అక్క అత్తగారు ఈసారి లోపలికి వెళ్ళలేదు. వరండా మెట్టు మీద కూర్చొని, “చెయ్యి వణకనివ్వకమ్మా, చిందుతుంది,” అన్నారు. తొడుగులు నాకు కాస్త పెద్దవి.