ఏ తేదీనాటి విలువ?

జార్ఖండ్‌లోని గమ్హరియాలో మేముంటున్న రెండు గదుల ఇంటికి అద్దె 6,500 ఉండేది. నిరుడు ఛఠ్ పండగ వెళ్లగానే యజమాని వచ్చి, వచ్చే నెల నుంచి 9,000 ఇమ్మన్నారు. మేము ఆయన్ని చాచాజీ అంటాం. "స్థలాల రేట్లు ఎక్కడికి పోయాయో చూడు బేటా" అన్నారు. 2022 నుంచి ఇక్కడ హోల్డింగ్ ట్యాక్సు, అంటే ఇంటి పన్ను, సర్కిల్ రేటుతో, అంటే ప్రభుత్వం కట్టే స్థలం విలువతో, ముడిపడింది కాబట్టి ఆయన బాధ ఉత్తది కాదు. కానీ నెలకు 2,500 అంటే ఏడాదికి 30,000. మాకది పాప స్కూలు ఫీజు.

విలువ చూపించి అద్దె పెంచినప్పుడు విలువ చూపించే ఎందుకు తగ్గించమనకూడదని లెక్కకు కూర్చున్నాను. తమిళనాడులో 2019 దాకా నడిచిన 1960 నాటి చట్టంలో సూత్రం సూటిగా ఉండేది. స్థలం మార్కెట్ ధర, తరుగు తీసేసిన కట్టుబడి ఖర్చు, సదుపాయాల విలువ కలిపితే వచ్చే మొత్తంలో ఏడాదికి 9 శాతం నివాసపు ఇంటికి సరసమైన అద్దె. మా వాటాకు 18 లక్షలు అనుకుని వేశాను. నెలకు 13,500 తేలింది! చాచాజీ అడిగినదానికన్నా ఎక్కువ. ఆ కాగితం ఆయన కంటబడకుండా మడిచి బియ్యం డబ్బా కింద పెట్టాను.

అసలు కీలకం శాతంలో లేదు, తేదీలో ఉంది. ఢిల్లీ చట్టం ఇల్లు కట్టడం మొదలుపెట్టిన నాటి స్థలం ధరే తీసుకుంటుంది. మన ఆంధ్ర 1960 చట్టమైతే 1944 ఏప్రిల్ 5కు ముందు పన్నెండు నెలల్లో ఆ చుట్టుపక్కల అలాంటి ఇళ్లకు నడిచిన అద్దెల్ని చూడమంది. అద్దెను అలా పాత తేదీకి కట్టిపడేయడం యజమానికి అన్యాయం. మహారాష్ట్ర అద్దె చట్టం మీది కేసులో 1997లో సుప్రీంకోర్టు కూడా అది సమంజసం కాదంది. నాకూ అదే న్యాయమనిపిస్తుంది. అందుకే తేదీని వదిలేసి, ఆ ఆంధ్ర నిబంధనలోని రెండో మాట పట్టుకున్నాను: చుట్టుపక్కల అలాంటి ఇళ్లకు నడుస్తున్న అద్దె.

ఆదివారం మా వీధిలో నాలుగిళ్లు తిరిగాను. ఇద్దరు 6,800, ఒకరు 7,000 ఇస్తున్నారు. నాలుగో ఆవిడ 8,500 కడుతోంది గానీ అది కొత్త కట్టడం, మోటారు నీళ్లు. అది కూడా దాచకుండా రాసుకున్నాను. జార్ఖండ్ 2011 చట్టం కింద సరసమైన అద్దె తేల్చమని అద్దెదారు కూడా అద్దెల కంట్రోలర్‌ను అడగవచ్చు. దరఖాస్తు వేయాల్సి వస్తే వేద్దామనే అనుకున్నాను. అయితే ముందు మనిషితో మాట్లాడాలి.

చాచాజీని లోపలికి పిలిచి వంటగది గోడ చూపించాను. గోరు ఆనిస్తే సున్నం పొరలుగా రాలింది, లోపల ఇటుక తడిగా ఉంది. ఆయనే ఇంకోచోట గీకి చూశారు. చాలాసేపు మాట్లాడలేదు. చివరికి 7,200 దగ్గర ఒప్పుకున్నారు, గోడ ఆయనే బాగుచేయించేట్టు. ఏడాదికి 21,600 మిగిలింది.

ఆయన రసీదు రాసిచ్చి లేవబోతుంటే ఆపాను.

"తేదీ వేయండి చాచాజీ."