మన నిజాం ఎప్పుడొస్తడు?

మా తాతకు తెలుగు అక్షరాలకంటే ఉర్దూ అక్షరాలే బాగా అలవాటు. నిజాం జమానాలో బడికి పోయినోళ్లు చాలామంది అంతే. 1988లో దూరదర్శన్‌లో శ్యామ్ బెనెగల్ ‘భారత్ ఏక్ ఖోజ్’ మొదలైతే మా ఇంట్లో ఆ హిందీ అర్థమైంది ఆయనొక్కడికే. మేం గుడ్లప్పగించి చూస్తుంటే, మంచంలో కూర్చుని తెలుగు చేసి చెప్పేవాడు. నిజం చెప్పొద్దూ, కొంత సొంతంగా కలిపేవాడు కూడా. తాత నోట్లో పడితే అశోకుడి కళింగ యుద్ధం బాల్కొండ దాకా వచ్చేది.

మాది షట్టర్ తలుపుల బ్లాక్ అండ్ వైట్ టీవీ. పసుపు కాలంలో దాని మీద గుడ్డ కప్పడం నాయినమ్మ పని. ఉడికించిన కొమ్ము, గోళ ఎండాక డ్రమ్ములో వేసి తిప్పితే పైపొట్టు రాలి, దుమ్ము ఇల్లంతా కమ్మేది. ఎన్నిసార్లు ఉతికినా ఆ గుడ్డ తెల్లబడలేదు. తెర తుడవడం మరిచిన వారం చంద్రగుప్తుడు మసక మసకగానే రాజ్యం ఏలాడు.

నెహ్రూ వేషంలో రోషన్ సేఠ్ రాగానే తాత పెదవి విరిచేవాడు. “నెహ్రూ బుగ్గలు ఎర్రగుంటయి బిడ్డా, గీయనకు లేవు.” మన టీవీలో ఎవరి బుగ్గలూ ఎర్రగా ఉండవని చెప్పినా వినడు. ఆయన అసలు నెహ్రూను చూసినోడు మరి. 1963 జులై 26న పోచంపాడు ప్రాజెక్టుకు నెహ్రూ శంకుస్థాపన చేసిన రోజు తాత కూడా అక్కడికి పోయాడు. కానీ ఆ తేదీ ఆయనకు గుర్తులేదు; పసుపు పెట్టి నెల దాటింది, అంతే. ‘పోలీసు యాక్షన్ అయిన యేడు’, ‘పోచంపాడు పునాది పడ్డ యేడు’ అనే ఆయన లెక్కంతా. ఇంట్లో ఎవరి పుట్టుకైనా, ఎవరి పెళ్లైనా దానికి ముందో వెనకో.

బడిలో నా లెక్క వేరు. పేపర్లో ‘చరిత్రలో ఈరోజు’ చూసి ప్రార్థనకు ముందే బోర్డు మీద రాయడం నా వంతు. జులై 26న సూయజ్ కాలువ వచ్చేది, 1956లో నాసర్ దాన్ని జాతీయం చేశాడని. మన పొలాలకు నీళ్లిచ్చే పోచంపాడు ఊసే ఉండేది కాదు. సెప్టెంబర్ 17 మరీ చిత్రం. 1948లో ఆ రోజే నిజాం రేడియోలో లొంగుబాటు చెప్పాడు. 13న మొదలైన పోలీసు యాక్షన్ ఐదు రోజుల్లో ముగిసింది. ఆగస్టు 15కు మిఠాయి పంచే మా బడి ఆ రోజు మామూలుగా లెక్కలు చెప్పేది. ఇప్పుడేమో విమోచనం, విలీనం, సమైక్యత, ప్రజాపాలన అని ఒక్క తేదీకి ఇన్ని పేర్లు. ఏది పలికితే ఎవరికి కోపమో!

“మన నిజాం ఎప్పుడొస్తడు?” అని తాత వారం వారం అడిగేవాడు. 53 భాగాలూ అయిపోయాయి, పోలీసు యాక్షన్ రాలేదు. ఎట్లా వస్తుంది? ఆ సీరియల్‌కు ఆధారమైన పుస్తకాన్ని నెహ్రూ 1944లో అహ్మద్‌నగర్ కోటలో ఖైదీగా రాశాడు. ఆ మాటే చెప్తే, “బయటికొచ్చినంక ఇంకో నాలుగు పేజీలు రాస్తే ఏం పోయె” అన్నాడు.

1990లో టిప్పు సుల్తాన్ సీరియల్ వచ్చింది. ఇది కల్పితమని ముందే తెర మీద వేసేవారు. తాతకు అదేం పట్టలేదు. నిజాం పేరు వినబడగానే మంచంలో లేచి కూర్చున్నాడు. తీరా చూస్తే ఆయన రెండో నిజాం, అదీ ఇంగ్లీషోళ్ల పక్షం. తాత వేళ్లు మడిచి లెక్కపెట్టాడు. “మనోడు ఏడోవాడు గదా. ఇంకా ఐదు తరాలు గావాలె. గప్పటిదాంక కరెంటు ఉంటదా?”