పక్క పాత్రకు సొంత పుస్తకం!

హాల్లో సినిమా చూస్తున్నప్పుడు మీ కళ్ళు ఎవరి మీద ఉంటాయి? హీరో మీదే అంటారు. సరే, నమ్మాను! నా కళ్ళు మాత్రం ఆ పక్కన నుంచున్న వాళ్ళ మీదికే పోతాయి. హీరోగారు గాల్లోకి ఎగిరి వెళ్ళిపోయాక కింద మిగిలిన వాళ్ళు ఇంటికెళ్ళి ఏం చేస్తారు? ఎవరితో చెప్పుకుంటారు? ఇదీ నా బెంగ.

అందుకే సూపర్‌మాన్ కంటే నాకు లోయిస్ లేన్ అంటే అభిమానం ఎక్కువ. 1978లో వచ్చిన 'సూపర్‌మాన్' సినిమాలో మార్గో కిడ్డర్ వేసిన విలేఖరి పాత్ర గుర్తుంది గదా? ఆ లోయిసే. ఈవిడ నిన్న మొన్న వచ్చిన మనిషి కాదు. 1938లో 'యాక్షన్ కామిక్స్' మొదటి సంచికలో సూపర్‌మాన్ పుట్టినప్పుడే ఈవిడా పుట్టింది. ఇద్దరిదీ ఒకటే వయసు. వాటాలే సమానంగా రాలేదు.

అలాగని సొంత కథలు అసలే రాలేదని కాదు. 1944లో సూపర్‌మాన్ పుస్తకంలోనే కొన్ని పేజీలు ఆవిడకిచ్చి 'లోయిస్ లేన్, గర్ల్ రిపోర్టర్' అని పేరు పెట్టారు. 1958లో ఏకంగా ఒక పుస్తకమే ఇచ్చారు. దాని పేరేమిటో తెలుసా? 'సూపర్‌మాన్స్ గర్ల్ ఫ్రెండ్ లోయిస్ లేన్'! అంటే 1944లో ఉద్యోగం చేసుకునే మనిషి, పద్నాలుగేళ్ళు గడిచి సొంత పుస్తకం చేతికొచ్చేసరికి ఫలానావారి ప్రియురాలైంది. దీన్ని ప్రమోషన్ అనాలో, ఇంకేమైనా అనాలో మీరే చెప్పండి.

ఆ పుస్తకం 1974 దాకా 137 సంచికలు నడిచింది. చాలా కథల్లో ఆవిడకు రెండే పనులు. సూపర్‌మాన్‌ను పెళ్ళికి ఒప్పించాలి, లేదా అతని రహస్యం కనిపెట్టాలి. ఎప్పుడైనా పెళ్ళి చేసినా, 'ఇది నిజం కాదు, ఉత్త ఊహ' అని ముందే చెప్పి మరీ చేసేవారు!

అదే ఆఫీసులో పనిచేసే కుర్రాడు జిమ్మీ ఒల్సెన్‌ది ఇంకో కథ. 1952లో మొదలైన సూపర్‌మాన్ టెలివిజన్ సీరియల్‌లో జాక్ లార్సన్ ఈ వేషం వేసి జనం చేత శభాష్ అనిపించుకున్నాడు. 1954లో జిమ్మీకి పుస్తకం వచ్చేసింది. మన సినిమా భాషలో చెప్పాలంటే, కమెడియన్‌కు చప్పట్లు పడ్డాయి, నిర్మాత కాల్షీట్లు అడిగాడు! దాని పేరూ అంతే, 'సూపర్‌మాన్స్ పాల్ జిమ్మీ ఒల్సెన్'. ఆపద వస్తే చేతి గడియారం నొక్కి పెద్దాయన్ని పిలవడమే అతగాడి విద్య. అయితేనేం, 1970లో జాక్ కిర్బీ ఆ పుస్తకం చేపట్టాక, 134వ సంచికలో డార్క్‌సైడ్ మొదటిసారి కనిపించాడు. 2021లో వచ్చిన జాక్ స్నైడర్ 'జస్టిస్ లీగ్'లో చూశారే, ఆ విలనే. అంత పెద్ద విలన్ ఇంత చిన్నవాడి పుస్తకంలో పుట్టాడన్నమాట.

నాకెందుకింత పట్టుదల అంటారా? మా అక్క చదువులో ఫస్టు, పాటలో ఫస్టు. నేను అదే బడిలో రెండు క్లాసులు వెనక. హాజరు పట్టీలో నా పేరుండేది గాని, మాస్టార్ల నోట్లో నేను 'దాని చెల్లెలు'నే. పెళ్ళిళ్ళకు వెళితే 'పాడే అమ్మాయి చెల్లెలు'. అక్క మీద కోపం లేదు. దాని పాట వింటే ఇప్పటికీ గర్వమే. కాని కాలేజీకి వేరే ఊరు వెళ్ళిన మొదటిరోజు ఒకమ్మాయి "నీ పేరేంటి?" అనడిగి, నేను చెప్పింది విని ఊరుకుంది. ఎవరి తాలూకు అని అడగలేదు. ఎంత సంతోషమేసిందో! ఆ రాత్రి హాస్టల్లో భయం కూడా వేసింది. అక్క లేని చోట నాకేం కావాలి? ఆ ప్రశ్న అంతవరకు నన్నెవరూ అడగలేదు, నేనూ అడుక్కోలేదు.

పక్క పాత్రకు పుస్తకం పెట్టేవాళ్ళు కూడా ముందు అడగాల్సింది అదే. హార్లీ క్విన్‌ను చూడండి. 1992లో బాట్‌మాన్ కార్టూన్ సీరియల్ కోసం పాల్ డీని, బ్రూస్ టిమ్ సృష్టించిన పిల్ల. పని, జోకర్ వెంట తిరగడం. 2000లో సొంత పుస్తకం వచ్చింది. 2020లో 'బర్డ్స్ ఆఫ్ ప్రే' సినిమాలో మార్గో రాబీ వేసిన హార్లీ కథ మొదలయ్యేదే జోకర్‌తో తెగతెంపులయ్యాక!

"ఆవకాయ నంజుకుంటేనే రుచి, దాంతోనే కడుపు నింపుకుంటామా?" అంటారు కొందరు. నిజమే, కొన్ని పాత్రలు నంజుకోవడానికే బాగుంటాయి. మరి 1962లో ఎన్టీఆర్, ఏఎన్నార్ ఇద్దరూ ఉన్న సినిమాకు సూర్యకాంతం పాత్ర పేరు పెట్టి 'గుండమ్మ కథ' అన్నారే! పేరు నిలబడలేదూ?

ఇంతకీ మా లోయిస్ ఏమైందంటే, 1986లో రెండే సంచికల చిన్న కథ వచ్చింది. అందులో ఆవిడ తప్పిపోయిన పిల్లల సంగతి ఆరా తీస్తుంది. 2019లో గ్రెగ్ రుకా 12 సంచికల కథ మొదలుపెట్టాడు. అందులో తోటి విలేఖరి చావు వెనక నిజం వెతుకుతుంది. అప్పటికి సూపర్‌మాన్ ఆవిడకు స్వయానా మొగుడు. అయినా రెండుసార్లూ పుస్తకం పేరు 'లోయిస్ లేన్'. ముందు ఎవరి పేరూ లేదు.

ఈసారి హాలుకెళ్ళినప్పుడు హీరో పక్కనున్న వాళ్ళలో ఒకరిని ఎంచుకోండి. ఆ రోజు హీరో రాకపోతే ఆ మనిషి ఏం చేస్తుందో ఆలోచించండి. జవాబు దొరికితే కొత్త పుస్తకం మొదటి సంచిక మీ చేతిలో ఉన్నట్టే. దొరకకపోతే, హీరోని చూస్తూ పాప్‌కార్న్ తినండి. టిక్కెట్టు డబ్బులు ఎలాగూ ఇచ్చారు గదా!