మూడు దినములలో కలకత్తా

సామర్లకోటలో విశ్రాంతి జీవితము గడుపుచున్న ఉపాధ్యాయులొకరు కలరు. ఆయన ఉన్నత పాఠశాలలో ముప్పది యేండ్లు ప్రకృతిశాస్త్రమును బోధించిరి. మఱ్ఱి ఊడలను గూర్చిన పాఠము వచ్చినప్పుడెల్ల, కలకత్తాకు ఎదుటి యొడ్డున శివపురములోనున్న మహావటవృక్షమును ఆయన కన్నులకు కట్టినట్లు వర్ణించెడివారు. ఒక యేడు వెనుక బల్లమీది బాలుడొకడు లేచి నిలువబడి, "అయ్యా! ఆ చెట్టును తమరు చూచితిరా?" అని యడిగెను. చూడలేదని ఒప్పుకొనవలసి వచ్చెను. తరగతిలో ఎవరును నవ్వలేదు. బాలుడును వినయముగనే కూర్చుండెను. అయినను ఆ ప్రశ్న ఆయనను విడువలేదు. పిమ్మట కొన్ని యేండ్లకు ఉద్యోగము ముగిసెను. మోకాళ్ళు నొప్పిపెట్టసాగెను. "ఈ యేడు పోనిచో ఇక పోజాలను" అని ఒకనాటి సాయంకాలము ఆయన భార్యతో అనిరి.

ఎనిమిదవ తరగతి చదువుచున్న మనుమరాలు ఆ మాట వినెను. ఆ రాత్రియే లెక్కల పుస్తకపు చివరి పుటలో 'కలకత్తాలో చూడవలసినవి, తినవలసినవి' అని శీర్షిక పెట్టి ఇరువది రెండు పేర్లు వ్రాసెను. నగరమునకు 2001లో కోల్‌కతా అని పేరు మారినను ఆ యింట ఇప్పటికిని కలకత్తాయే. హౌరా వంతెన, విక్టోరియా స్మారక భవనము, జంతుప్రదర్శనశాల, ట్రాము, నది క్రింద పోవు రైలు, రసగుల్లాలు, మట్టి పిడతలలో తోడుపెట్టు తియ్యని పెరుగు, ఆవనూనె కలిపిన కారపు మరమరాలు, ఇట్లు ఆ జాబితా సాగినది. చేతనున్నవి మూడు దినములు మాత్రమే. నాయనమ్మగారు దానిని చదివించుకొని విని, "విస్తరి నిండ వడ్డించుకొనవచ్చును గాని, కడుపు ఒకటియే గదా!" అనిరి.

ముందుగా తేలవలసినది ఋతువు. ఆశ్వయుజమున దుర్గాపూజలు జరుగును. ఆ యుత్సవమును యునెస్కో 2021లో మానవజాతి సాంస్కృతిక వారసత్వముల పట్టికలో చేర్చినది. చూడదగినదే, కాని ఆ రాత్రులందు నగరమంతయు వీథులలోనే యుండును. మోకాలి నొప్పి గలవారికి ఆ జనసమ్మర్దము తగదు. వర్షాకాలమున పోయినచో, వంగదేశీయులు ప్రాణము పెట్టు ఇలిశ చేప రుచి చూడవచ్చును. అది మన పులసయే. సముద్రమునుండి వరదనీటికి ఎదురీది వారి గంగలోనికి వచ్చునట్లే మన గోదావరిలోనికిని వచ్చును. "పులసకొఱకు గోదావరిని విడిచి పోవుదుమా?" అని తాతగారు ఆ మాట కొట్టివేసిరి. వానలకు వీథులలో నీరు నిలుచుట మరియొక చిక్కు.

శీతకాలమే మేలని తేలెను. అప్పుడచ్చట క్రొత్త ఈతబెల్లము వచ్చును. మన పొలముగట్లమీద పెరుగు ఈతచెట్టునే అచ్చటివారు రాత్రివేళ గీసి, కారిన తీపినీటిని తెల్లవారగనే కాచి బెల్లము చేయుదురు. దానిని విరిగిన పాలముద్దతో కలిపి సందేశము అను మిఠాయి చేయుదురు. వేసవిలో పోయినవారికి సందేశము దొరకును గాని ఆ వాసన దొరకదు. సంక్రాంతి సెలవులలో పోవుదమని బాలిక పట్టుపట్టెను. కనుమనాడు కాకియైనను కదలదని నాయనమ్మగారు కాదనిరి. ఆమె చెప్పిన కారణము అటుండగా, మకర సంక్రాంతికి గంగాసాగర స్నానమునకు పోవు లక్షలాది యాత్రికులు కలకత్తామీదుగనే పోవుదురు. ఆ దినములలో బస దొరకుటయే కష్టము. కావున జనవరి నెలాఖరున ఒక శుక్రవారము సాయంకాలము రైలెక్కి, శని, ఆది, సోమవారములు అచ్చట గడిపి, సోమవారము రాత్రి తిరిగి బయలుదేరవలెనని నిశ్చయించిరి. బడికి రెండు దినముల సెలవు చీటి పంపవలసియుండును.

వెయ్యి కిలోమీటర్లకు పైబడిన ఆ మార్గము ఒడిశా గుండ పోవును. ఇందులో ఒక వినోదము కలదు. రసగుల్లాను కలకత్తా బాగ్‌బజారులో నవీనచంద్రదాసు 1868లో చేసెనని వంగదేశీయులందురు. పూరీ జగన్నాథునికి తరతరములుగా నివేదించుచున్నది తమ రసగోలాయే అని ఒడిశావారందురు. భౌగోళిక గుర్తింపు వంగదేశపు దానికి 2017లోను, ఒడిశా దానికి 2019లోను వచ్చినది. ప్రభుత్వము ఇరువురను సంతోషపెట్టినది. బాలిక మాత్రము కలకత్తాలో ఒకటి, తిరుగు ప్రయాణమున తెల్లవారుజామున ఒడిశాలో ఒకటి తిని తీర్పు చెప్పుదునని వ్రాసికొనెను. ఆ పంక్తిని ఎవరును కొట్టివేయలేదు.

నాయనమ్మగారు శాకాహారి. ఎచ్చట చూచినను చేపయే యుండు నగరములో ఆమె మూడు దినములు ఏమి తినవలెనను ప్రశ్న పుట్టెను. పప్పుముద్ద కూరిన కచోరీలు, పలుచని పూరీలు, కొబ్బరిముక్కలు వేసిన తియ్యని సెనగపప్పు, బంగాళాదుంపల కూర, ఇవి ఉదయమున అంగళ్ళలో వేడివేడిగా దొరకునని తెలిసెను. "పేరులోనే బంగాళమున్న దుంప. దాని పుట్టింటికి పోవుచు ఆకలికి భయపడుదునా?" అని ఆమె నవ్విరి. దుంప పుట్టిల్లు దక్షిణ అమెరికా యని తాతగారు సవరింపబోయి ఊరకుండిరి. నిజమునకు కలకత్తా బిరియానీలో సైతము ఆ దుంప యుండును. లక్నో నవాబు వాజిద్ అలీ షాను ఆంగ్ల కుంపిణీవారు 1856లో గద్దె దింపగా ఆయన కలకత్తా చేరి మటియాబుర్జులో నివసించెను. ధనము తగ్గి మాంసమునకు బదులుగా దుంప వేసిరని కొందరు, ఆ కాలమున అది అరుదైన వస్తువు కాబట్టి గొప్పకొఱకు వేసిరని కొందరు చెప్పుదురు. ఏది నిజమైనను, ముక్కకన్న దుంపకే ప్రీతిపడువారు ఆ నగరమున కలరు. శనివారము రాత్రి భోజనము బాలికకును తాతగారికిని బిరియానీ యని నిర్ణయమయ్యెను.

బాలిక వ్రాసిన మొదటి ప్రణాళిక చూచుటకు చక్కగనే యుండెను. శనివారము దక్షిణేశ్వరము, బేలూరు మఠము. ఆదివారము ఉదయము శివపురము, సాయంకాలము కాలేజి వీథిలోని పుస్తకాల అంగళ్ళు. సోమవారము ఇండియన్ మ్యూజియము, విక్టోరియా భవనము, జొడాసాంకోలోని రవీంద్రుని గృహము. నాయనమ్మగారు అంతయు విని, "మన వీథిలో క్షౌరశాలకు మంగళవారము సెలవు. ఆ పెద్ద భవనములకు సెలవేమియు ఉండదా?" అని యడిగిరి. విచారింపగా 1814లో స్థాపించిన మ్యూజియము, 1921లో తెఱచిన విక్టోరియా భవనము, రవీంద్రుడు 1861లో పుట్టి 1941లో కన్నుమూసిన ఆ గృహము, మూడును సోమవారమే మూయుదురని తెలిసెను. పుస్తకాల అంగళ్ళు ఆదివారము చాలవరకు మూసియుండును. కాళికాలయమగుటచే దక్షిణేశ్వరమున శనివారము రద్దీ హెచ్చు. ఒక్క ప్రశ్నతో ప్రణాళిక యంతయు తలక్రిందులయ్యెను. 'తప్పక చూడవలసినవి' అని జాబితాలు వ్రాయువారు వారములను గూర్చి చెప్పుట తక్కువ. మోకాళ్ళను గూర్చి అసలే చెప్పరు.

క్రొత్త పట్టికలో సోమవారము నాయనమ్మగారి దినమయ్యెను. రాణీ రాసమణి 1855లో కట్టించిన దక్షిణేశ్వరాలయము వఱకు 2021 నుండి మెట్రో రైలు పోవుచున్నది. తెల్లవారగనే దర్శనము చేసికొని, రేవులో పడవ యెక్కి గంగపై బేలూరు మఠమునకు పోవచ్చును. రెండు చోట్లను మధ్యాహ్నము తలుపులు మూయుదురు గావున ఆలస్యము పనికిరాదు. శనివారము హౌరాలో దిగి, నదిలో ఒక్క స్తంభమైనను లేకుండ నిలిచి 1943 నుండి వాడుకలోనున్న వంతెనను చూచి, 2024లో ప్రారంభమైన నది క్రింది రైలులో ఆవలి యొడ్డు చేరవలెను. నీటి క్రింది భాగము దాటుటకు ముప్పావు నిమిషము చాలును. పిదప కాలేజి వీథి, రవీంద్రుని గృహము. సాయంకాలము విక్టోరియా భవనము. 1873లో ఆరంభమైన ట్రాములను, మైదానము దగ్గరి కొద్ది మార్గము తప్ప, నిలిపివేయుదుమని 2024లో అచ్చటి ప్రభుత్వము ప్రకటించినది. కనుక వానిని నమ్ముకొనరాదు, కనబడినచో ఎక్కవలెను. ప్రతి మధ్యాహ్నము రెండు గంటలు బసలో విశ్రాంతి యని నాయనమ్మగారు నిబంధన పెట్టిరి. జంతుప్రదర్శనశాల ఆ రెండు గంటలలో కొట్టుకొనిపోయెను.

ఇక మిగిలినది ఆదివారము. తాతగారు నడువగలిగినది ఒక పూటయే. ఆ పూటలో శివపురమైనను చూడవలెను, మ్యూజియమైనను చూడవలెను. శివపుర వనము 109 హెక్టారుల విస్తీర్ణము గలది. ద్వారమునుండి చెట్టు దగ్గరకు పోవుటకే చాల దూరము నడువవలెను. మ్యూజియములో ఈజిప్టు దేశపు మమ్మీ కలదు. బాలిక జాబితాలో దాని పేరు మొదట నుండెను; దాని క్రింద రెండు గీతలు కూడ నుండెను. ఆ రాత్రి ఎవరును ఏమియు తేల్చలేదు. మరునాడుదయము బాలిక పుస్తకము తెఱచి చూడగా, శివపురము అను పేరు మీద పెన్సిలుతో సన్నని గీత గీయబడియుండెను. ఆ గీత ఎవరిదో ఆమెకు తెలియును.

తాతగారు వసారాలో పత్రిక చదువుచుండిరి.

"తాతగారూ! రాక్స్‌బరో పనిచేసినది మన యూరిలోనే యని చెప్పితిరి గదా?" అని ఆమె యడిగెను.

"అవును. కుంపిణీవారి తోట ఒకటి ఇచ్చట నుండెడిది. 1781 నుండి ఆయన ఇచ్చట మిరియము, నీలి మొదలగు మొక్కలను పరీక్షించెను. 1793లో శివపుర వనమునకు అధికారిగా పోయెను."

"ఇచ్చటివాడు అచ్చటికి పోయెను. తమరేల పోరాదు?"

తాతగారు సమాధానము చెప్పలేదు. బాలిక రబ్బరుతో శివపురము మీది గీతను తుడిచి, మమ్మీ పేరు కొట్టివేసెను. "మమ్మీ వేల యేండ్లనుండి కదలక పడియున్నది. నేను పెద్దదాననైన పిదప పోయినను అచ్చటనే యుండును. నా మోకాళ్ళు బాగుగనే యున్నవి" అనెను. ఇది త్యాగమని ఆమె యనుకొనలేదు, లెక్క యనుకొనెను. అయినను మధ్యాహ్నము వఱకు ముఖము కొంచెము చిన్నబోయియే యుండెను.

టిక్కెట్లు దొరకినవి. క్రింది బెర్తులు రెండు, పై బెర్తు ఒకటి. సందేశములు తెచ్చుటకు నాయనమ్మగారు మూత గట్టిగా పట్టు స్టీలు డబ్బా తీసి కడిగి ఎండబెట్టిరి. ఆ రాత్రి తాతగారు చాల కాలమునకు తమ పాత పాఠము మరల చెప్పిరి. ఆ చెట్టు వయస్సు రెండు వందల యేబది యేండ్లకు పైబడినది. 1864, 1867 సంవత్సరముల తుపానులలో దెబ్బతినినది. నడిమి మ్రాను తెగులుపట్టగా 1925లో దానిని తొలగించిరి. ఇప్పుడది మూడు వేలకు మించిన ఊడలమీదనే నిలిచి ప్రాకుచున్నది.

"నడిమి మ్రాను ఉండినచోట ఇప్పుడేమి కనబడును?" అని బాలిక యడిగెను.

తాతగారు కొంతసేపు ఆలోచించిరి. ఆ సంగతి పాఠములో లేదు.

"ఆదివారము చూతము" అనిరి.