గోదావరికి అటూ ఇటూ ఒకే లయ

రామగుండం ఎన్టీపీసీలో 200 మెగావాట్ల టర్బైన్ నిమిషానికి 3000 చుట్లు తిరుగుతుంది. గోదావరి దాటితే జైపూర్‌లో సింగరేణి వాళ్ల 600 మెగావాట్ల యూనిట్లు రెండు, వాటిదీ అదే వేగం. సెకనుకు 50 చుట్లు, అంటే 50 హెర్ట్జ్. 2013 డిసెంబర్ 31న రాయచూర్–షోలాపూర్ లైనుతో దక్షిణాది గ్రిడ్ మిగతా దేశంతో కలిసింది. అప్పటి నుంచి కశ్మీర్ దాకా ఇదే లయ. తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది.

యూనిట్‌ను గ్రిడ్‌కు కలిపే ముందు వోల్టేజీ, ఫ్రీక్వెన్సీ, ఫేజ్ సరిచూస్తారు. కలిశాక యంత్రాలే ఒకదాన్నొకటి పట్టి ఉంచుకుంటాయి.

ల్యాబ్‌లోని సిగ్నల్ జనరేటర్లకు ఆ బంధం లేదు. రెండింటినీ 1 కిలోహెర్ట్జ్‌కు పెట్టినా దేని క్రిస్టల్ దానిదే. ఆసిలోస్కోప్ మీద ఒక తరంగం మెల్లగా జారిపోతూనే ఉంటుంది. ఒకదాని 10 మెగాహెర్ట్జ్ రిఫరెన్స్‌ను కేబుల్‌తో రెండోదానికి ఇచ్చి, సెట్టింగ్‌లో ఎక్స్‌టర్నల్ క్లాక్ ఎంచుకుంటే ఆ జారుడు ఆగుతుంది. ఇక్కడే చాలామంది ఆగిపోతారు. క్లాక్ ఒకటైతే ఫ్రీక్వెన్సీ కలుస్తుంది, అంతే. తరంగాలు ఒకే క్షణాన మొదలవ్వాలంటే ట్రిగ్గర్ కూడా ఒకటే కావాలి. జనరేటర్లు ఎక్కువైతే కేబుళ్ల పొడవూ సమానంగా ఉండాలి, ఎందుకంటే మీటరుకు దాదాపు 5 నానోసెకన్ల ఆలస్యం.

జగిత్యాల, బాసరలో ఇంజినీరింగ్ చదివే పిల్లలూ, ఈసారి ల్యాబ్‌కు వెళ్లినప్పుడు జనరేటర్ వెనకవైపు రిఫరెన్స్ సాకెట్ ఉందేమో చూడండి. ఉంటే రెండు జనరేటర్లనూ తప్పకుండా కలపండి.